ఎడమ సీటు

లారీలో ఎడమ పక్క సీటు క్లీనర్‌ది. ఎల్లస్వామి నడిపే బండిలో ఆ సీట్లో పదకొండేళ్లు రాయమల్లు కూర్చున్నాడు. ఆ ఏడు మిర్చి సీజను మొదట్లోనే ఎల్లస్వామి అతని మీద డీజిలు దొంగతనం మోపి, పదిమంది డ్రైవర్ల ముందు బండి దింపేశాడు. రాయమల్లు ఎదురు మాట్లాడలేదు. భుజం మీది తువ్వాలు దులుపుకొని, "మంచిదన్నా, పైలం," అని వెళ్లిపోయాడు. అతను దొంగ కాదని ఎల్లస్వామికి తెలుసు. ఎల్లస్వామి కళ్లు పోతున్న సంగతి అతను కనిపెట్టాడు, అదే అతని నేరం.

మొదట రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల దీపాలకు ఈకలు మొలిచాయి. తర్వాత పగలు కూడా ముందరి అద్దం మీద ఎవరో గంజిగుడ్డతో తుడిచినట్టు మసక. రోజూ అద్దం కడిగించేవాడు. కడిగినా పోని ఆ మసక అద్దానిది కాదని ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. హనుమకొండలో ఒక కళ్ల డాక్టరు బ్యాటరీ లైటు వేసి చూసి, "మోతీబిందు, కంట్ల పొర. రెండు కండ్లకూ ఉంది. ఆపరేషన్ చేస్తం, సోడాబుడ్డి అద్దాలు ఇస్తం. అన్నం తినెటందుకు, మనుషులను గుర్తువట్టెటందుకు పనికొస్తయి. లారీ మాత్రం మర్చిపో," అన్నాడు. ఎల్లస్వామి మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఇంట్లో వేడి చేసిందని చెప్పాడు. భార్య చిలుకమ్మ ప్రతి ఆదివారం అతని నడినెత్తిన ఆముదం పెట్టి మర్దన చేసేది.

రాయమల్లుకు మాత్రం ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. "అన్నా, ఎడ్లబండి." "అన్నా, గుంత." తనలో తాను కూనిరాగం తీసినట్టు చెప్పేవాడు. ఆ మంచితనమే ఎల్లస్వామిని కాల్చింది. క్లీనరు నోటితో నడిచే డ్రైవరు డ్రైవరేనా? పైగా ఆ నోరు ఏ కల్లు దుకాణంలోనో తెరుచుకుంటే తెల్లారేసరికి సేటు చెవిన పడుతుంది. స్టీరింగు పోతే ఎల్లస్వామికి మిగిలేది ఏమీ లేదు. గుంట భూమి లేదు, వేరే పని రాదు. వర్ధన్నపేట దగ్గర ఊళ్లో బామ్మర్ది మొగిలయ్యది ప్రతి దసరాకూ ఒకటే ఎగతాళి: "బావా, ముసలితనంల ఎటు పోతవ్? మా బర్లు కాద్దువు గని రా." అందరితో పాటు ఎల్లస్వామీ నవ్వేవాడు. నవ్వుతూనే, బర్రెల వెనక కట్టె పట్టుకొని నడిచే తనను తాను చూసుకునేవాడు.

ఎడమ సీట్లోకి చూపు బాగున్న మనిషి కావాలి. మొగుడి పరువు బయట పెట్టని మనిషి కావాలి. అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది.

పద్దెనిమిదేళ్లుగా చిలుకమ్మ అడుగుతూనే ఉంది. అతను ట్రిప్పు నుంచి వచ్చినప్పుడల్లా పొయ్యి దగ్గర పీట వేసుకొని కూర్చునేది. రాత్రికి రాత్రి జరిగిపోయే ఇసుక కొండల గురించి చెప్పేవాడు. ఏకిన దూది రాశి పోసినట్టుండే మంచు గురించి చెప్పేవాడు. "నన్నెప్పుడు తీస్కపోతవ్?" అంటే, "పిల్ల పెండ్లి కానీ," అనేవాడు. పిల్ల భారతి పెళ్లి అయి ఏడాది దాటింది. అందుకే ఆ రోజు అన్నం తింటూ అతను "ఈ ట్రిప్పుకు నువ్వు రా," అన్నప్పుడు, చిలుకమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నిజంగనా?"

"జోధ్‌పూర్‌కు మిర్చి. ఆన్నుంచి ఉప్పెక్కించుకొని మంచుకొండలకు. నెల పడ్తది."

"మరి రాయమల్లు?"

"తీసేసిన."

"అయ్యో! క్లీనర్ పని ఎవలు చేస్తరు?"

"నువ్వే."

"జీతమెంత?" అని ఆమె పకపకా నవ్వింది. ఎల్లస్వామి కూడా నవ్వాడు. అంతకంటే సులువుగా ఆ మాట చెప్పే దారి అతనికి దొరికేది కాదు.

మూడు రోజుల్లో ఊరంతా తెలిసింది. పక్కింటి సోమక్క, సింగరేణిలో పనిచేసే కొడుకు స్వెట్టరు తెచ్చి ఇచ్చింది. మోకాళ్ల దాకా వచ్చే ఆ స్వెట్టరును చిలుకమ్మ ఎర్రటి ఎండలో తొడుక్కొని ఇల్లిల్లూ తిరిగి చూపించింది.

ఎనుమాముల మిర్చి యార్డుకు అప్పటికింకా కొత్త సున్నం వాసన పోలేదు. బస్తాలు ఎక్కుతుంటే చిలుకమ్మ స్టవ్వూ, బియ్యం డబ్బా, చింతపండు, తొక్కు జాడీ, నీళ్ల డబ్బా క్యాబిన్లో సర్దుకుంది. డ్రైవరు సీటు వెనక చెక్కబల్ల మీద బొంత పరిచింది. చిన్న అద్దం తగిలించింది. లారీ యజమాని పాండురంగం సేటు గద్దె దిగి వచ్చి చూశాడు.

"ఏందిరా ఎల్లస్వామీ, ఈ వయసుల హనీమూనా?"

హమాలీలు గొల్లుమన్నారు. చిలుకమ్మ క్యాబిన్ లోంచి తల బయట పెట్టింది. "మీరు సేటమ్మను తోల్కొని యాదగిరిగుట్ట దాకనన్న పోయిండ్రా సేటూ?"

ఈసారి హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. సేటు నవ్వలేదు. "క్లీనర్ లేకుండ అంత దూరం ఎట్లరా?" అన్నాడు.

"నేను చూసుకుంట సేటు."

సేటు కాసేపు అలాగే నిలబడ్డాడు. అతని ముఖం ఎల్లస్వామికి తోమిన పళ్లెంలా తెల్లగా, గుండ్రంగా కనబడింది. అందులో ఏముందో కనబడలేదు.

*

మొదటి వారం బాగానే సాగింది. తెల్లవారుజామున బండి తీసేవాడు, ఎండ ముదిరేదాకా నడిపేవాడు. తర్వాత చెట్టు చూసుకొని ఆపేవాడు. మళ్లీ సాయంత్రం తీసి, బండ్లు దీపాలు వేసే వేళకు ఏదో ఒక ఢాబా ముందు పెట్టేసేవాడు. అందరూ పోతుంటే మనమే ఎందుకు ఆగాలని చిలుకమ్మ అడిగితే, ఇంజను కాగుతదనేవాడు. కళ్ల వెంట నీళ్లెందుకంటే మిర్చి ఘాటు అనేవాడు. అది సగం నిజమే. ఆమెకూ కారుతున్నాయి.

ఆదిలాబాద్ దాటాక చెప్పాడు: "ఏం కనవడుతే అది చెప్పుకుంట రా. నాకు నిద్ర రాకుండ ఉంటది."

ఆ మాట కోసమే పుట్టినట్టు చిలుకమ్మ మొదలుపెట్టింది. "అగో, గా పత్తి చేన్ల ముసలామె కొప్పుల మోదుగుపువ్వు వెట్టింది, ఈ వయసుల! ఈ ఊరోళ్లు గోడలకు పిడకలు ఎంత బాగ కొడ్తాండ్లే, ముగ్గేసినట్టు. ఆ బర్రెకు ఒక కొమ్ము పైకి, ఒకటి కిందికి, అచ్చం మా మొగిలయ్య మీసమోలె..."

"రోడ్డు మీద ఏముందో చెప్పవే!"

"రోడ్డు నీకు కనవడదా? కనవడనియ్యే చెప్పాలె గని."

కాసేపటికి మెల్లగా నేర్పించాడు. క్లీనర్ అన్నాక ఎదురొచ్చే బండి చెప్పాలి, గుంత చెప్పాలి, పశువు చెప్పాలి. వెనక్కి తీసేటప్పుడు దిగి వెనక నిలబడి "రానీ... రానీ..." అనాలి, చాలనుకున్నప్పుడు "హోల్డాన్!" అని గట్టిగా అరవాలి. ఆమెకది ఆటలా ఉంది. నాగపూర్ పెట్రోలు బంకులో కొంగు బిగించి, "రానీ రానీ" అంటూ అంత పెద్ద బండిని గోడకు బెత్తెడు దూరం దాకా రప్పించి "హోల్డాన్!" అని అరిచింది. అక్కడున్న సర్దార్జీ డ్రైవరొకడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ పూట ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

గుంతా, మలుపూ చెప్తూనే మధ్యలో తన లోకం తాను చెప్పుకుపోయేది. ఒంటెను చూసినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది. "దీని మూతి జూడు, పెండ్లిల మర్యాద తక్కువైన మామ మూతి!" ఎల్లస్వామి కూడా నవ్వాడు. పాతికేళ్లుగా ఈ దారిన తిరుగుతున్నాడు గాని, ఒంటె మూతిని అతను ఎప్పుడూ చూడలేదు. డ్రైవరుకు రోడ్డే గతి. పొయ్యి దగ్గర భార్యకు చెప్పిన ఇసుక కొండలూ మంచుకొండలూ ఢాబాల్లో పంజాబీ డ్రైవర్లు చెప్పుకుంటుంటే విన్నవి. ఇప్పుడు కళ్లు పోయాక ఆ దేశమంతా మొదటిసారి కనబడుతోంది, అదీ ఆమె నోట. ఆ సంగతి ఆమెకు చెబుదామనుకున్నాడు. చెబితే మిగతాదీ చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాడు.

*

జోధ్‌పూర్‌లో మిర్చి దించి, అవతల ఉప్పు మడుల దగ్గర లోడు పట్టుకున్నారు. మరునాడు ఎండ ముదిరింది. ఆపుదామంటే కనుచూపు మేర చెట్టు లేదు. ఆగిన బండి క్యాబిన్ రొట్టెల పెనంలా కాలుతోంది. పోవడమే మేలనుకున్నాడు.

ఆ వెలుగును అతను తట్టుకోలేకపోయాడు. ఎండ ఇసుక మీద పడి, అక్కడినుంచి లేచి అద్దంలోకి వచ్చింది. ముందంతా పాలు పొంగినట్టు తెలుపు. ఆ తెలుపులో తారురోడ్డు బూడిద రంగు పీలికలా ఒకసారి కనబడి, ఒకసారి పోతోంది. చిలుకమ్మ ఎడమ పక్కకు తిరిగి, దూరంగా పోతున్న గొర్రెల మందను చూస్తోంది.

"అయ్యో అయ్యో ఆపు! మనుషులు!"

బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఊగి ఆగింది. ఆడవాళ్ల కేకలు, కుండ పగిలిన చప్పుడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"చూసిన, చూసిన," అన్నాడు ఎల్లస్వామి. "జర బెదిరిద్దామని దగ్గరిదాక పోయిన."

ఆ మాట తన చెవికే రోతగా వినబడింది. గేరు వేసి కదిలించాడు. చిలుకమ్మ కిటికీలోంచి వెనక్కి చూస్తూ చాలాసేపు ఉంది. "కుండ పగిలినామె తడి ఇసుకను దోసిట్లకు ఎత్తుకుంటాంది," అంది.

నాలుగైదు మైళ్లు పోయాక మామూలు గొంతుతో చెప్పింది: "ముందల ఒంటె ఉన్నది. అడ్డంగ నిలవడ్డది."

ఎల్లస్వామి బండి ఆపాడు. హారను కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. "దీని తల్లి, కదలదేందే?" అని చేయి బయట పెట్టి తలుపు మీద బాదాడు, హోయ్ హోయ్ అని అరిచాడు. మళ్లీ హారను కొట్టాడు.

"పోయిందా?" అన్నాడు.

"పోయింది. పోనీ."

సాయంత్రం ఒక ఎండిన వాగు పక్కన ఆపారు. చిలుకమ్మ స్టవ్వు వెలిగించి ఎసరు పెట్టింది. పప్పు ఏరుతూ, తల ఎత్తకుండా అంది:

"పగటి ఒంటె."

"ఆఁ?"

"లేదు. ఒంటె లేదు, గింటె లేదు. ఉత్త రోడ్డు. నువ్వు ఉత్త రోడ్డుకు హారన్ కొట్టినవ్."

స్టవ్వు బుసబుసమంటోంది. ఎల్లస్వామి బీడీ వెలిగించుకోబోయాడు. పుల్ల బీడీకి అందక వేలికి తగిలింది.

"ఎన్నొద్దులాయె?"

"రెండేండ్లు."

"వేడి అంటివి."

వెలగని బీడీని అతను చెవి మీద పెట్టుకున్నాడు.

"ఆదివారమాదివారం నెత్తి వంచి కూసుంటివి. నేను పిచ్చిదాన్ని ఆముదం రుద్దుకుంట కూసుంటి."

"దవాఖానల బండి మర్చిపొమ్మన్నరే. మర్చిపోయి ఏం జెయ్యాలె? మీ తమ్ముని బర్లు కాయాల్నా?"

"నేనడిగేది అది కాదు. నన్నెందుకు తెచ్చినవ్?"

నీకు చూపిద్దామని అనవచ్చు. మొదట్లో అది అబద్ధం. ఈ పది రోజుల్లో అందులో కొంత నిజం చేరింది. కాని ఆ నిజాన్ని మిగతా అబద్ధం నుంచి విడదీసి చెప్పే మాట అతని దగ్గర లేదు.

"ఊరందరికీ చెప్పుకుంట వచ్చిన," అంది చిలుకమ్మ. "మా ఆయన మాట నిలవెట్టుకున్నడని. సోమక్క నా చేతులు వట్టుకొని ఏడ్చింది, మొగడంటే గట్లుండాలెనని." చిన్నగా నవ్వింది. ఆ నవ్వు అతనికి కొత్త. "రాయమల్లును దొంగను జేసినవ్. ఆయినకు నెలకు జీతమన్న ఇచ్చిండ్రు. నాకు అబద్ధమిచ్చినవ్."

"మళ్లిపోదామా?" అన్నాడు చివరికి.

"మళ్లి? ఉప్పెవలు దించుతరు, మీ అయ్యనా?" కంచంలో అన్నం పెట్టి అతని చేతిని పట్టుకొని కంచం దాకా తీసుకుపోయింది. అంత అవసరం ఏమీ లేదు. కంచం అతనికి కనబడుతూనే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "తిను. రేపటినుంచి రోడ్డు చెప్తా. నువ్వడిగింది గదే గదా."

*

చెప్పినట్టే చెప్పింది. పంజాబు మైదానాలు దాటేదాకా, కొండ రోడ్డు ఎక్కాక కూడా, ఆమె నోట ఇంకో మాట రాలేదు.

"బస్సు. ఎడమకు. ఇంకా ఎడమ. చాలు. రాయి. మలుపు, కుడికి, పెద్దది. జీపు వస్తాంది. ఆగు. పోనీ."

ఎల్లస్వామి ఎన్నడూ అంత బాగా నడపలేదు. రాయమల్లు కంటే ఆమె మేలు. రాయమల్లు అప్పుడప్పుడూ కునుకు తీసేవాడు, ఆమె రెప్ప కూడా వేయడం లేదు. ఒక పక్క కొండ నల్లగా తెలుస్తోంది. ఇంకో పక్క ఏమీ లేదని తెలుస్తోంది. ఆ ఏమీ లేని చోట, ఎంతో కింద, నది మోత. చలిగాలి వస్తోంది. ఇసుక నేల దాకా పది రోజులు చెవిలో మోగిన ఆమె కబుర్లు లేక క్యాబిన్ బావిలా ఉంది.

"మంచు కనవడుతాందా?" అని అడిగాడు.

"రోడ్డు మీద లేదు."

"కొండల మీదనే?"

"నేను కొండలు జూస్తే రోడ్డెవలు చూస్తరు?"

సోమక్క స్వెట్టరు వేసుకుందో లేదో కూడా అతనికి తెలియదు. అడగలేదు.

మండి అనే ఊరు దాటిన తర్వాత రోడ్డు మరీ సన్నబడింది. పైనుంచి మిలిటరీ బండ్ల వరుస దిగుతోందని ముందు నిలబడ్డ పోలీసు చేతులూపాడట. పెద్ద బండ్లన్నీ వెనక్కి జరిగి దారి ఇవ్వాలి. వెనక వంద గజాల దూరంలో కాస్త వెడల్పు చోటుందని చిలుకమ్మే చూసి చెప్పింది. దిగి వెనక్కి పోయింది.

"రానీ... రానీ..."

ఎల్లస్వామి తల బయట పెట్టి వెనక్కి చూశాడు. అలవాటు కొద్దీ చూశాడు గాని చూడ్డానికేమీ లేదు. తెల్లటి గాలి. ఆమె గొంతు, దాని కింద నది మోత. పది టన్నుల ఉప్పు వెనక్కి జరుగుతోంది.

"జర కుడికి... రానీ... రానీ..."

అక్కడ గొంతు ఆగింది.

రానీ అనలేదు, హోల్డానూ అనలేదు. బండి ఇంకా జరుగుతూనే ఉంది. ఎల్లస్వామి కాలు బ్రేకు మీదికి పోవాలి. పోలేదు. ఆ క్షణంలో అతనికి అన్నీ తెలిశాయి. ఆమె అక్కడే ఉంది. చక్రం అంచుకు ఎంత దూరమో ఆమె చూస్తోంది. తాను క్యాబిన్లో ఉన్నాడు, ఆమె నేల మీద ఉంది. ఆమె నోరు తెరవకపోతే చాలు. అతను కాలు కదపకుండా, ఆమె ఏం చేస్తుందో దానికి తలవంచి కూర్చున్నాడు.

"హోల్డాన్!"

తొక్కాడు. వెనక చక్రం కింద నుంచి ఒక రాయి దొర్లింది. దాని చప్పుడు ఎక్కడా ఆగలేదు.

మిలిటరీ బండ్లు పోవడానికి ముప్పావు గంట పట్టింది. ఆ సేపంతా చిలుకమ్మ క్యాబిన్ ఎక్కలేదు. వచ్చి కూర్చున్నప్పుడు ఆమె బట్టల నుంచి చల్లటి వాసన వచ్చింది. తడి చెట్ల వాసన.

"ఎందుకాగినవ్?" అన్నాడు.

"ఆలోచన జేసిన."

"ఏమని?"

"బండి పోతే ఈడికెల్లి ఇంటికెట్ల పోవాలె ఒక్కదాన్ని, అని. నాకు తొవ్వ తెల్వదు గదా."

నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. ఆమె నవ్వలేదు.

"ఇంత సేపు ఏం జూసినవ్?"

"కొండలు."

"ఎట్లున్నయ్?"

"ఉన్నయ్," అంది. తర్వాత, "పోనీ. ముందల ఎడమకు మలుపు."

ఆమె ఆ ముప్పావు గంటలో ఏం చూసిందో ఎల్లస్వామికి ఎప్పటికీ తెలియలేదు.

*

ఉప్పు దించారు. ఆలుగడ్డ ఎక్కించుకొని నాగపూర్‌లో దించారు. అక్కడ ఖాళీ గోనెసంచుల కట్టలు వేసుకొని, ముప్పై నాలుగో రోజు పగటి పూట ఎనుమాముల యార్డులోకి వచ్చారు. బండికి ఒక్క గీత పడలేదు. దారిలో ఇద్దరి మధ్య మాటలు రోడ్డువే. చివరి రోజు ఎల్లస్వామికి ఒక ధైర్యం వచ్చింది. కోపం ఎన్ని రోజులుంటది, ఇంటికి పోతే అదే సర్దుకుంటది అనుకున్నాడు. ఇంకో ట్రిప్పు, ఇంకో రెండు ట్రిప్పులు, ఈ సీజను గడిస్తే చాలనుకున్నాడు.

సేటు గద్దె మీద కూర్చొని ఉన్నాడు. గుమస్తాను చాయ్ తెమ్మని బయటికి పంపాడు. ఎల్లస్వామి ముందర నిలబడ్డాడు. చిలుకమ్మ గడప దగ్గర నిలబడింది.

"సుఖంగ వచ్చిండ్రా?" అన్నాడు సేటు. "నీ కండ్లెట్లున్నయ్‌రా?"

ఎల్లస్వామి ఆ గొంతు వైపు తల ఎత్తాడు.

"రాయమల్లు ఎప్పుడో చెప్పిండు. నువ్వు దించేసిన దినమే వచ్చి కాళ్లు వట్టుకున్నడు. నన్నేమన్న అనుకోండ్రి సేటు, ఆయిన చేతికి బండి ఇయ్యకుండ్రి, సస్తడు, అని. నిన్ను ఆపుదామనే అనుకున్న. అంతట్లనే నువ్వు పెండ్లాన్ని తోల్కపోతాన అన్నవ్. సరే చూద్దాం తీ, అనుకున్న. పదహారేండ్ల డొక్కు బండి. పోతే ఇన్సూరెన్సన్న వస్తది."

"మనుషులు పోతే ఏమొస్తది సేటూ?" అంది చిలుకమ్మ గడప దగ్గర నుంచి.

సేటు నవ్వాడు. "ఎందుకు పోతరు? రాలేదా ఇప్పుడు, నవాబుల లెక్క! ఏ డ్రైవరన్న గీత పడకుండ కొండలెక్కి దిగిండా ఇన్నేండ్లల్ల? చూడు ఎల్లస్వామీ, నాకు కండ్లు ఎవలయైతే ఏంది, చేతులు ఎవలయైతే ఏంది. ఇగ నుంచి ఇద్దరూ పోండ్రి. స్టీరింగు నీదే. బయట ఎవలకు తెల్వదు, నేను చెప్ప. ఎల్లుండి రాజస్థాన్ల కోటాకు లోడున్నది. ఏమంటవ్?"

స్టీరింగు నీదే. ఎల్లస్వామికి ఆ మాట తప్ప మరేదీ వినబడలేదు. రెండేళ్లుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. వెనక్కి తిరిగి అడగాలని, కనీసం ఆగాలని అతనికి తోచలేదు.

"సరే సేటు," అన్నాడు. "ఎల్లుండి తెల్లారగట్లనే తీస్తం."

తీస్తాం అన్నాడు.

గుమస్తా తెచ్చిన చాయ్ తాగి, దండం పెట్టి బయటికి వచ్చాడు. నడుస్తూనే పక్కకు చెప్పాడు. "విన్నవా చిలుకా? ఆయినకు తెల్సుగూడ ఏమనలేదు. కోటా రోడ్డు మంచిగుంటది, కొండలు గిండలు ఎక్కువ లేవు. ఈసారి నువ్వు తీరుబడిగ చూడొచ్చు అన్నీ." నాలుగడుగులు వేశాక, పక్కన అడుగుల చప్పుడు లేదని తెలిసింది. "చిలుకా?"

మిర్చి రాశుల మధ్య నుంచి హమాలీ వీరభద్రం బస్తా దించి వచ్చాడు. "ఎవలన్నా, వదినెనా? ఆమె పోయింది గదా. నువ్వు సేటుతోని మాట్లాడుకుంట ఉండంగనే, క్యాబిన్ల కెల్లి మూట గుంజుకొని పోయింది. పిలిస్తె మల్లి గూడ చూడలే."

"ఎటు పోయింది?"

"అగో," అని వీరభద్రం చేయి చాపాడు. "అటే పోతాంది చూడు. ఇంక గేటు దాటలే. ఉరికితే అందుకుంటవ్."

యార్డంతా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎర్రటి రాశులు, వాటి మీద తెల్లటి వెలుగు. ఆ వెలుగులో అటూ ఇటూ కదిలే నీడలు. ఏ నీడైనా చిలుకమ్మ కావచ్చు. చాచిన చేయి ఎటువైపుకో ఎల్లస్వామికి తెలియలేదు. ఎటు అని ఇంకోసారి అడిగితే చాలు. వీరభద్రంతో పాటు నలుగురైదుగురు హమాలీలు పని ఆపి, డ్రైవరు వైపే చూస్తున్నట్టు తోచింది.

"ఆఁ," అన్నాడు ఎల్లస్వామి, తల ఊపుతూ. "కనవడుతాంది."

అక్కడే నిలబడ్డాడు.